ముదురు రంగు బాబాయి

చెక్క బీరువాలు చేసే ఆ కార్ఖానాలో పాలిష్ పనివాణ్ణి అందరూ బాబాయి అనే పిలుస్తారు. లక్క పాలిష్‌లో గుడ్డ ముద్ద ముంచి ఆయన నాలుగు చేతులు వేశాడంటే, ఆ తలుపులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. అలాంటి మనిషికి ఆ రోజు చేతులాడలేదు.

కారణం కొత్త మేనేజరు. పాలబుగ్గల కుర్రాడు. అద్దాల గదిలోంచి ఫోనులో అరుస్తుంటే బాబాయి చెవిన పడింది.

"ముదురువన్నీ మూల గదిలోకి తోసెయ్యండి! ముందు వరసలో లేతవే కనపడాలి!"

మూల గది సంగతి బాబాయికి తెలుసు. కిందటేడు పెద్ద వడ్రంగిని అందులో కుర్చీ వేసి కూర్చోబెట్టి, సలహాదారు అని పేరు పెట్టారు. ఇంతవరకూ ఆయన్ని సలహా అడిగినవాడు లేడు గానీ, మరుగుదొడ్డికి దారి అడిగినవాళ్లు చాలామంది.

లేతగా కనపడాలి, తప్పదు. బజారులో దొరికే జుట్టు రంగుల మీద బాబాయికి నమ్మకం లేదు. తను కలిపిన రంగు కన్నా నిలిచేది ఏముంది? రోజ్‌వుడ్ రంగు డబ్బా ఇంటికి తెచ్చి, గరుకు కాగితంతో రుద్దడం ఒక్కటి మానేసి, తలకు రెండు పూతలు పట్టించాడు.

"ఇదేం ఖర్మండీ! పిడి బిగిస్తే తెరుచుకునేలా ఉంది తల!" అంది భార్య.

"నవ్వకే. కార్ఖానాలో నా బల్ల పోయేలా ఉంది."

"తెరిచినా లోపల ఏముంది లెండి."

మర్నాడు ఎర్రగా మెరిసే ఆ తలను చూసి కోత మిషనతను, "ఎన్ని అరల మోడల్ బాబాయ్ ఇది?" అన్నాడు. బాబాయి నేరుగా అద్దాల గదిలోకి నడిచాడు.

"చూడండి బాబూ, నేనింకా లేతే. నన్ను మూల గదికి పంపకండి."

"మిమ్మల్నా? ఎవరన్నారు?"

"మీరే! ముదురువన్నీ తోసెయ్యమన్నారుగా?"

"అయ్యో బాబాయ్, అది బీరువాల గురించి! ముదురు రంగువి ఎవరూ కొనట్లేదు."

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే, తన ముదురు రంగును కొననివాళ్ల మీద కోపమూ వచ్చింది. మేనేజరు మాత్రం ఆయన తలనే చూస్తూ తలుపు దగ్గరకు వేశాడు.

"ఆ రంగు కడిగితే పోతుందా?"

"నా చేతి పని కడిగితే పోవడమా!"

"అయితే నా మీసానికి కాస్త వేస్తారా? మరీ లేతగా ఉంది. ఎవరూ నా మాట వినట్లేదు. మొన్న ఒకతను, 'మీ నాన్నగారెప్పుడొస్తారు బాబూ' అని నన్నే అడిగాడు."

బాబాయి మేనేజర్ని తన బల్ల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి గుడ్డ ముద్ద తీశాడు.

"ఈ బల్ల నాదేగా?"

"మీదే, మీదే."

"ఇక నోరు మెదపకండి. ఆరకముందు మాట్లాడితే పగుళ్లిస్తుంది."

మేనేజరు పై పెదవి ముందుకు చాపి, మధ్యాహ్నం దాకా బొమ్మలా కూర్చున్నాడు. కార్ఖానాలో పని ఎన్నడూ లేనంత జోరుగా సాగింది.

సాయంత్రం పనివాళ్లంతా వచ్చి బాబాయి చుట్టూ మూగారు.

"రేపు పొద్దున్నే రెండో పూత వేసెయ్యి బాబాయ్!"