పడవ కింది ఇనుము

భుయ్యాడీహ్‌లో కార్ఖానా పని కోసం మన వైపు నుంచి వచ్చి మేమున్న వరసలో సైకిలున్న ఇళ్ళే తక్కువ. అలాంటి చోట మాకొక తెరచాప పడవ ఉండేదంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. మా ఆయనది ఉక్కు కార్ఖానాలో క్రేన్లకు ఇనప తాళ్ళు అల్లి బిగించే పని. డిమ్నా చెరువులో సరదాకి పడవ నడుపుకునే ఒక ఆఫీసరు తన పడవ తాళ్ళన్నీ ఈయన చేతే కట్టించుకునేవాడు. ఊరు వదిలి వెళ్ళిపోతూ పడవను ఈయనకే ఇచ్చేసి పోయాడు. డెబ్బయ్యో దశకం చివరి రోజులవి.

చిన్న పడవే. నలుగురు కూర్చుంటే నిండిపోతుంది. కానీ మన వైపు నావల్లా కాదు. అడుగున బరువైన ఇనప రెక్క ఒకటి దిగి ఉంటుంది, కీల్ అంటారు దాన్ని. గాలికి పడవ ఒరిగినా బోర్లా పడకుండా ఆ బరువే నిలబెడుతుంది. పడవ లోపలి నుంచి చెక్కలోకి దిగిన పొడుగాటి బోల్టులు ఆ రెక్కను పట్టుకుని ఉంటాయి.

మా మామగారు భావనపాడు దగ్గర సముద్రం మీద బతికిన మనిషి. అత్తగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. పడవను చూస్తే సంతోషిస్తారనుకున్నాను. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, ఆ ఇనుమును వేళ్ళ కణుపులతో తట్టారు.

"ఇదేట్రా, మెడకి గుండు కట్టినట్టుంది."

"అదుంటేనే పడవ తిన్నగుంటాదయ్యా" అన్నారు మా ఆయన.

"మేం ఇసక మూటలేసుకునీవోళ్ళం. పేనం మీదకొత్తే ఇసిరీసీవోళ్ళం. దీన్ని ఇసరగలవేటి నువ్వు?"

అలా అన్నారే గానీ పడవను వదల్లేదు. ఆ చలికాలమంతా ఆదివారం వస్తే చాలు, ముగ్గురం చెరువు గట్టు మీది రేకుల షెడ్డులోనే. మామగారు గుగ్గిలం, నూనె కలిపి కాచి, దూది వత్తులు అందులో ముంచి పలకల సందుల్లో కూరేవారు. మా ఆయన తెరచాప స్తంభాన్ని నిలబెట్టి, రెండు పక్కలా ముందూ వెనకా ఇనప తాళ్ళు లాగి, వీణ తీగ శ్రుతి చేసినట్టు ఒక్కొక్కటీ మీటి చూస్తూ బిగించేవారు. తెరచాప కుట్టడం నా వంతు. మడతల దగ్గర మిషను సూది విరిగిపోతుంటే, చివరికి దబ్బనంతో కుట్టాను. కీల్ బోల్టుల నట్లకు మా ఆయన గ్రీజు పూసి, పైన రంగు వేశారు. కొత్తవాటిలా మెరిశాయి.

పడవ నీళ్ళలోకి దిగిన రోజున నేనూ ఎక్కాను. గాలి అందుకోగానే పడవ ఒక పక్కకు ఒరిగింది. అప్పుడే నా కాళ్ళ కింద 'టక్' మని చప్పుడైంది. తలుపు అవతల ఎవరో వేలితో కొట్టినట్టు.

"ఏదో తగిలిందండీ" అన్నాను.

"అడుగు బల్ల అటూ ఇటూ అవుతంది, అంతే" అన్నారు మా ఆయన.

మామగారు వంగి, అరచెయ్యి అడుగు బల్లకు ఆనించి అలాగే కూర్చున్నారు. పడవ రెండో పక్కకు తిరిగినప్పుడు మళ్ళీ వినిపించింది. ఒడ్డుకు చేరాక చూస్తే అడుగున కాసిని నీళ్ళు. ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు. సందులన్నీ పొడిగానే ఉన్నాయి. నీళ్ళు మాత్రం టీ డికాషన్ రంగులో ఉన్నాయి.

తర్వాత వెళ్ళిన ప్రతిసారీ అంతే. నీళ్ళు కొంచెం ఎక్కువవుతున్నాయి, రంగు చిక్కబడుతోంది. మా ఆయన స్పానరు పెట్టి చూస్తే నట్లు గట్టిగానే ఉన్నాయి. ఆ మాట చెప్పి నాకు ధైర్యం ఇవ్వాలని చూసేవారు. షెడ్డు కాపలాదారు ఒక సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, "భాభీ, ఉన్‌కో మత్ జానే దో" అన్నాడు, వాళ్ళని వెళ్ళనివ్వకని. ఎందుకని అడిగితే పడవలోంచి తోడి పోసిన ఆ నీళ్ళ రంగు చూపించాడు. నేను పడవ ఎక్కడం మానేశాను. గట్టు మీద కూర్చుని, తెల్లటి తెరచాప దూరమయ్యే కొద్దీ చీర చెంగు మెలిపెట్టుకుంటూ ఉండేదాన్ని.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. పక్షులు కూడా నోరు మెదపలేదు. దల్మా కొండల మీద ఆకాశం పండిన నేరేడుపండులా నల్లబడింది. కాలబైశాఖి, అదే ఎండాకాలపు గాలివాన, వస్తోందని కాపలాదారు ఈల వేసి వాళ్ళను పిలిచాడు. వాళ్ళు చెరువు మధ్యలో ఉన్నారు. దుమ్ము, దాని వెనకే వాన. పడవ కనిపించకుండా పోయింది. ఎంతసేపో నాకు తెలియదు. తెరచాప దించేసి, మా ఆయన తెడ్డు వేస్తుంటే, మామగారు బకెట్టుతో నీళ్ళు తోడి పోస్తుంటే, మోకాలి లోతు నీళ్ళతో పడవ ఒడ్డుకు చేరింది.

"ఇంక దీన్ని పైకి లాగీ, ఆ బోల్టులు ఊడదీసి సూసీదాకా నాను ఊరుకోను" అన్నారు మామగారు.

మరుసటి ఆదివారం పడవను షెడ్డులోకి లాగారు. మూడు దుంగలు ముక్కాలిపీటలా నిలబెట్టి, గొలుసు కప్పీతో పడవను కొంచెం పైకెత్తారు. కీల్ కింద రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలు జరిపి, దాని బరువు వాటి మీద దింపితే, అప్పుడు నట్లు విప్పొచ్చు. మా ఆయన స్లీపరు పట్టుకుని కిందికి దూరబోయారు. మామగారు చొక్కా పట్టుకుని ఆపారు.

"నువ్వు లెగు. నాను పెడతాను."

"నీకెందుకయ్యా? ఇది నా పని. రోజూ ఎన్ని బరువులు ఎత్తుతన్నాను!"

"లెగమన్నానా? నువ్వు గొలుసు కాడికెల్లు."

మామగారు కూర్చుని, ఒక కాలు ముందుకు చాచి, మడమతో స్లీపరును లోపలికి తోస్తున్నారు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. పడవకూ ఇనుముకూ మధ్య అతుకు దగ్గర్నుంచి ఇటుక పొడి లాంటిది సన్నగా రాలడం కనిపించింది. చప్పుడు లేదు, కదలిక లేదు. పొడి మాత్రం ధారగా రాలుతోంది.

"మావయ్యా, ఎర్ర పొడి రాలతంది!" అని అరిచాను.

ఆయన తల వెనక్కి తీసి పైకి చూశారు. అంతే, ఇనుము జారింది. నేల అదిరింది. పడవ ఒక్కసారిగా తేలికై గొలుసుకు ఊగింది. మామగారు తన కాలి వైపు ఎవరిదో కాలును చూసినట్టు చూస్తున్నారు.

మా ఆయనా కాపలాదారూ గునపాలు వేసి ఇనుమును ఎత్తితే, నేను ఆయన్ను చంకల కింద పట్టుకుని లాగాను. ఆసుపత్రిలో పాదం ముందు సగం తీసేశారు.

నాలుగు రోజుల తర్వాత మా ఆయన ఒక బోల్టు తెచ్చి నాకు చూపించారు. పైన నట్టు, మర అన్నీ బాగున్నాయి. చెక్కలో దాగిన చోట మాత్రం చీపురు పుల్లంత మిగిలింది. అన్నీ అలాగే తెగాయట. "చెరువు మధ్యలో ఉండగానే రాలిపోయుండేది" అన్నారు. తర్వాత వెళ్ళి చేతులు కడుక్కున్నారు. మళ్ళీ కడుక్కున్నారు.

కొత్త బోల్టులు చేయించి బిగిద్దామని మామగారే అన్నారు, మంచం మీద నుంచే. "బాగుసేసి, ఎవుడికన్నా ఇచ్చీ. ఇలాగొగ్గీకు." మా ఆయన బిగించారు. నీళ్ళలో వేసి చూశారు. చుక్క నీరు రాలేదు. అయినా ఒడ్డు దాటి పోలేకపోయారు.

వానలు మొదలయ్యేలోగా స్తంభం దించి, తాళ్ళు చుట్టి, పడవను కాపలాదారుకు తెలిసినవాళ్ళకు ఇచ్చేశారు. మా ఆయన ఇంటికి వచ్చేసరికి మామగారు కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఇచ్చీసినావా?"

"ఇచ్చీసినానయ్యా."

"బోల్టులు ఏడాదికోపాలి ఊడదీసి సూడమని సెప్పినావా?"

"సెప్పినాను."

"రెండుపాల్లు సెప్పాల్సింది" అంటూ ఆయన లోపలికి నడిచారు.