ఏనుగు పడవ మచ్చుపెట్టె

నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి పాత పేపర్ల బండి మా గుమ్మం ముందు ఆగింది. గుంటూరులో మార్చి నెల. గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగితే తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నా గొంతులో గరగరమంటుంది. రెండు నెలల పేపర్లు తెచ్చి అతని కాటా పక్కన పెట్టాను. బండిలో ఎవరింట్లోంచో వచ్చిన పిల్లల పుస్తకాలున్నాయి. పైనున్న పలచటి బొమ్మల పుస్తకం తీసి, బండి చెక్క మీద బల్లపరుపుగా పెట్టి, వంగి పక్కనుంచి చూశాను. అట్ట వేలెడు పైకి లేచింది. మూలలు గుండ్రంగా అరిగాయి. "మీడియం" అన్నాను, పైకే.

"మీడియం లేదు గీడియం లేదమ్మా, అన్నీ కలిపి కాటా వేయటమే" అన్నాడు బండి అతను.

మీడియం అన్న ఆ మాట నాది కాదు. దేవసహాయం గారిది. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు తక్కువ. కాబట్టి మొదటినుంచీ చెప్పాలి.

ఆయన గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర దాదాపు ముప్ఫై ఏళ్ళు గ్రేడు చెప్పే పని చేశారు. బస్తాలోంచి గుప్పెడు కాయ తీస్తారు. దాన్ని మచ్చు అంటారు. ఆ మచ్చును అరచేతిలో పరిచి రంగు చూసేవారు. చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు వినేవారు. ఒక కాయ విరిచి వాసన చూసేవారు. తర్వాత ఒక్క మాట. డీలక్స్, బెస్ట్, మీడియం బెస్ట్, మీడియం, అన్నిటికంటే కింద తాలు. ఆ మాట మీద ఆ రైతు ఏడాది కష్టం ఆధారపడి ఉండేది. పని మానేశాక సొంత ఊరు వినుకొండ వచ్చి, స్టేషన్ రోడ్డులో ఒక చిన్న గదిలో అద్దె పుస్తకాల కొట్టు పెట్టారు. నవలలు, వారపత్రికలు, పిల్లల బొమ్మల పుస్తకాలు. ఊళ్ళో అందరూ ఆయన్ని గ్రేడరు గారనే పిలిచేవారు. ఆదివారం మాత్రం చర్చి అయ్యాకే కొట్టు తెరిచేవారు.

ఎనభైల మొదట్లో నేను డిగ్రీ తప్పి వినుకొండలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆ కొట్లో పనికి కుదిరాను. మొదటిరోజు ఆయన నా చదువు అడిగారు.

"ఇంగ్లీషు ఒక్కటే అండి. అదీ మూడు మార్కుల్లో..."

"పోయిందా, లేదా?"

"పోయిందండి."

"అయితే పోయిందని చెప్పమ్మా. మూడు మార్కుల మాట తర్వాత చెప్పొచ్చు."

కోపం లేదు, జాలి లేదు. అప్పటివరకూ నన్ను అడిగినవాళ్ళందరి గొంతులో ఆ రెంటిలో ఏదో ఒకటి ఉండేది. ఆ రోజు ఇంటికి నడుస్తూ మొదటిసారి నాలో నేను "నేను డిగ్రీ తప్పాను" అని అనుకున్నాను. అనుకుంటే ఏమీ కాలేదు.

బల్ల మీద ఆయన చేతికి అందేచోట ఒక చెక్కపెట్టె ఉండేది. ఐదు అరలు. ఆయన దాన్ని మచ్చుపెట్టె అనేవారు. నాలుగు అరల్లో నాలుగు పుస్తకాలు, నాలుగూ ఒకే పుస్తకం. ఒక బొమ్మల మాసపత్రిక సంచిక అది. అట్ట మీద చిన్న పడవలో పెద్ద ఏనుగు కూర్చుని ఉంటుంది. పిల్లలు దాన్ని ఏనుగు పడవ అనేవారు. కొట్టు తెరిచిన నెలలో ఏజెంటు పొరపాటున ఒక్క కాపీకి బదులు ఒక కట్ట పంపాడట. ఈయన అన్నీ అద్దెకిచ్చేశారు. రెండేళ్ళయ్యేసరికి ఒక్కొక్క కాపీ ఒక్కొక్క తీరుగా తయారైంది. అప్పుడు వచ్చిందట ఆయనకు ఈ ఆలోచన.

బెస్ట్ అరలోది దాదాపు కొత్తదే, కాకపోతే మొదటి పేజీలో ఎవరో పిల్ల ఇంకుతో పేరు రాసుకుంది. మీడియం బెస్ట్ మూలలు అరిగి, వెనక అట్ట మీద టీ గ్లాసు పెట్టిన మరక. మీడియం వీపు చిరిగితే దారంతో కుట్టారు. తాలుకు అట్ట లేదు, చివరి రెండు కాగితాలు లేవు, ఒక అంచు చంటిపిల్ల నమిలినట్టుండేది.

"ఒకే పుస్తకం ఎందుకండీ? గ్రేడుకొక పుస్తకం పెట్టొచ్చుగా" అని అడిగాను.

"వేరే వేరే పుస్తకాలైతే కథ బాగుందని మనసు అటు లాగుద్దమ్మా. ఇది ఒక్క చేలో కాసిన కాయ. తేడా వచ్చిందంటే ఎండబెట్టే కల్లంలో వచ్చిందే."

ఆ పెట్టె వల్ల కొట్లో తగాదాలు ఉండేవి కావు. చించి తెచ్చినవాళ్ళు జరిమానా కట్టనక్కర్లేదు. ఇచ్చినప్పుడు ఏ గ్రేడు, తెచ్చినప్పుడు ఏ గ్రేడు అన్నదే లెక్క. ఒక మెట్టు దిగితే, దింపినవాళ్ళే బెంచీ మీద కూర్చుని మైదా జిగురుతో అంటించి పోవాలి. ఒకరోజు పత్తి మిల్లులో పనిచేసే కోటయ్య, తన కొడుకు చించిన పుస్తకం తెచ్చి గట్టిగా మొదలుపెట్టాడు.

"ముందే చిరిగుంది పెద్దాయనా! మావాడు ముట్టుకోనే లేదు."

"ముట్టుకోకుండా ఎట్టా చదివాడయ్యా? రా, మచ్చు చూద్దాం."

పక్కపక్కన పెట్టి చూశారు. కోటయ్య కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "మీడియమే" అని తనే ఒప్పుకున్నాడు. "మిరపకాయలు చాల్లేదని పుస్తకాలక్కూడా యార్డు పెట్టావు గదయ్యా!" అంటూనే బెంచీ మీద కూర్చున్నాడు. అరగంట జిగురు రాశాడు. "మా చెల్లెలి పెళ్ళి కార్డులు కూడా ఇంత ఒద్దిగ్గా అంటించలా" అన్నాడు లేస్తూ. మర్నాడు ఇంకో పుస్తకం తీసుకుపోయాడు.

నాకప్పుడు పుస్తకాల్లో చదివిన మాటలు వాడాలని సరదా. ఒకసారి తాలు కాపీ చేతిలోకి తీసుకుని, "నిజానికి అన్నిటికంటే గొప్పది ఇదేనండి. ఎంతమంది ప్రేమించి చదివితే ఇట్లా అయ్యిందో" అన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"తాలును తాలు అనమ్మా" అన్నారాయన. "ప్రేమతో చించినా చిరిగిందే. జాలిపడి తాలుకాయ మంచికాయలో కలిపితే బస్తా అంతా పోద్ది."

"అయితే పారేస్తామా?"

"ఎందుకు పారేస్తాం? తాలుకీ కొనేవాడుంటాడు. తాలని చెప్పి ఇస్తాం, అంతే."

పై అర మాత్రం ఖాళీ. డీలక్స్ అంటే ఒక్కసారి కూడా తెరవని కాపీ. ఆయన దగ్గర అది లేదు. గుంటూరు వెళ్ళినవాళ్ళకు, ఒంగోలు వెళ్ళినవాళ్ళకు చెప్పి పంపేవారు. ఎక్కడా దొరకలేదు. "నాలుగున్నాయిగా, చాలవా?" అంటే తల అడ్డంగా ఊపేవారు. "పైది లేకపోతే బెస్టునే డీలక్స్ అనుకుంటాం. అప్పుడు కిందున్నవన్నీ ఒక్కో మెట్టు అబద్ధమవుతయ్." అప్పటికే ఆయన కళ్ళకు పొర కమ్ముతోంది. మిరప ఘాటు వల్లనని ఆయన, వయసు వల్లనని డాక్టరు. రంగు తెలిసేది, సన్నగీతలు తెలిసేవి కావు. అది దొరికేలోపు చూపు మిగులుతుందో లేదోనని ఆయన ఎప్పుడూ అనలేదు. కానీ ఆ ఖాళీ అరలో వేలు పెట్టి దుమ్ము తుడవటం రోజూ చూసేదాన్ని.

ఒక పెళ్ళికి చీరలు కొనటానికి పెద్దమ్మతో చీరాల వెళ్ళాను. ఆమె బేరమాడుతుంటే పక్కనున్న పాత స్టేషనరీ కొట్లోకి దూరాను. పై అరలో, ఎప్పుడో వచ్చి అమ్ముడుపోని పత్రికల కట్ట, పురికొస కూడా విప్పకుండా ఉంది. కట్ట పక్కనుంచి ఏనుగు తొండం కనిపించింది. కొట్టతను కట్ట విప్పి నడిమి నుంచి ఒకటి తీసిచ్చాడు. ఖాకీ కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.

చిలకలూరిపేట దాటాక పెద్దమ్మ నిద్రపోయింది. అప్పుడు నేను దాన్ని తెరిచాను.

ఎందుకు తెరిచానో చెప్పాలి. ఆ సంచిక నడిమి పేజీలో ఒక దారి బొమ్మ ఉంటుంది. ఏటి పాయల్లోంచి ఏనుగు పడవను రేవుకు చేర్చాలి. మా కొట్లో ఉన్న ప్రతి కాపీలోనూ ఎవరో ఒకరు అప్పటికే పెన్సిలు గీత గీసేశారు. బెస్ట్ కాపీలో కూడా గీసి, రబ్బరుతో చెరిపిన గాడి ఉంది. ఎవరూ గీయని బొమ్మ ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఒక్కసారి చూసి, మూసి, మళ్ళీ చుట్టేశాను. అంతే చేశాను.

మర్నాడు పొద్దున ఇచ్చాను. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని తీసుకున్నారు. చాలాసేపు వాసన చూశారు. బల్లమీద పరిచి అట్టమీద అరచేయి మెల్లగా జరిపారు. వీపు దగ్గర చేయి ఆగింది.

"తెరిచావా అమ్మా?"

"లేదండి."

"సరే. నువ్వే చెప్పు, ఏ అరలో పెడదాం?"

"డీలక్స్ అండి."

పెట్టారు. సంతోషించినట్టు లేదు.

ఆ తర్వాత ఇరవై రోజులు కొట్లో పని నాకు బరువైంది. ఎవరైనా పుస్తకం తిరిగి తెస్తే పెట్టె తెరవాలి. తెరిస్తే పై అర కనిపిస్తుంది. ఆయన చెప్పిన లెక్క ప్రకారం కిందున్నవన్నీ ఒక్కో మెట్టు అబద్ధమైపోయాయి. కోటయ్య వచ్చి మచ్చు పక్కన తన పుస్తకం పెట్టి నిజాయితీగా "మీడియం బెస్ట్ గదమ్మా?" అని అడిగినప్పుడు నేను పెట్టె మూసేశాను. ఒకరోజు ఆయన టిఫినుకు వెళ్ళినప్పుడు పై అరలోది తీసి బెస్ట్ అరలో, పాతదాని మీద పెట్టాను. పై అర మళ్ళీ ఖాళీ అయింది.

ఆయన వచ్చి కూర్చున్నారు. అలవాటుగా వేలు పై అరలోకి వెళ్ళింది. ఖాళీ తగిలింది. కింది అరలో తడిమారు. నేను బీరువా వైపు తిరిగి నిలబడ్డాను.

"బస్సులో తెరిచానండి" అన్నాను, అటు తిరిగే.

"తెలుసమ్మా. అట్ట లేచింది."

"ఆ రోజే అనొచ్చుగా అండీ!"

"గ్రేడు చెప్పింది నువ్వు. మార్చాల్సింది నువ్వే గదా."

మళ్ళీ ఆయనే, "ఎందుకు తెరిచావు?" అన్నారు. చెప్పాను. దారి బొమ్మ సంగతి విని ఆయన ముఖం మారింది. "ఎవరూ గీయలేదా అసలు?" అన్నారు. "లేదండి." "ఎట్టుంది?"

పుస్తకం తెచ్చి నడిమి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఎలాగూ అది బెస్టే. ఆయన చూపుడువేలు కండువాకు తుడుచుకుని కాగితం మీద ఆనించారు. నేను ఎదురుగా నిలబడి చెప్పటం మొదలుపెట్టాను.

"కిందికి రండి. ఇంకొంచెం. ఇప్పుడు ఎడమకు. ఆగండి, అక్కడ మూసేసుంది."

"వెనక్కా?"

"వెనక్కి. ఇప్పుడు కుడికి."

"ఎన్నిసార్లు మూసుకుపోద్దమ్మా ఈ దారి!"

"అందుకేనండి పిల్లలందరూ రబ్బరు పెట్టి తుడిచింది."

ఆయన నవ్వారు. వేలు మాత్రం ఆపలేదు. మధ్యలో ఎవరో పుస్తకం కోసం వచ్చి గుమ్మంలో నిలబడితే, ఎడమచేత్తో ఆగమని సైగ చేశారు. వేలు చివరికి రేవు బొమ్మ మీదికి వచ్చింది.

"చేరామా?"

"చేరామండి."

వేలు ఎత్తారు. "గీత పడలేదుగా?"

"లేదండి."

పుస్తకం మూసి బెస్ట్ అరలో ఆయనే పెట్టారు. ఆ రోజు టీ ఆయనే వెళ్ళి తెచ్చారు, రోడ్డు సరిగ్గా కనపడకపోయినా.

మరుసటేడు నేను పరీక్ష పాసయ్యాను. తర్వాత బీఈడీ చేసి, టీచరు ఉద్యోగం వచ్చి గుంటూరు వైపు వచ్చేశాను. ఆయన పోయిన సంగతి ఆయన భార్య సువార్తమ్మ గారు రాయించిన కార్డు వల్ల తెలిసింది. కార్డు రావటమే ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి గదిలో ఎవరో సైకిలు కొట్టు పెట్టారు. మచ్చుపెట్టె గురించి అడిగాను.

"పాత పుస్తకాలే గదా అని అన్నీ ఇచ్చేశానమ్మా" అన్నారామె. "ఒకటే పుస్తకం ఐదున్నయ్. నాలుగు దండగ గదా అనుకున్నా." నా ముఖం చూసి కంగారుపడి, "కావాల్సినయ్యా?" అన్నారు.

"పర్లేదండి" అన్నాను. ఆ మాట తాలు. ఆమె బాధపడుతుందని అన్నాను. అది తాలని తెలిసే అన్నాను.

ఇన్నేళ్ళు పిల్లల పేపర్లు దిద్దాను. ముందు మార్కు వేసి, ఓదార్పు మాట తర్వాత చెప్పటం ఆయన దగ్గర నేర్చుకున్నదే. తప్పినవాణ్ణి తప్పావనే చెప్పాను. చెప్పి, వాడు లేచి వెళ్ళేదాకా పక్కన కూర్చున్నాను. నా గురించి నేను చెప్పుకునేటప్పుడు అంత తేలిగ్గా రాదు. ఇప్పటికీ ముందు మూడు మార్కుల మాటే నోటికొస్తుంది.

పాత పేపర్ల బండి కనిపిస్తే ఆగుతాను. నిన్న కూడా కట్టలన్నీ అడుగుదాకా తిరగేశాను. ఏనుగు పడవ లేదు. దొరికితే ఈసారి తెరవను. అయితే పెట్టటానికి ఆ అర లేదు. వినుకొండలో ఇప్పుడు ఎవరూ పుస్తకాలు అద్దెకివ్వరు.