మౌలాన్ బీ ఇంటి బల్బు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక బల్బు బరువు. నవ్వకండి. నలభై క్యాండిల్ బల్బు, అరచేతిలో పెడితే ఉన్నట్టే తెలియదు. దాన్ని దించుకోలేక చచ్చాను. మా ఇంటిదానికి కూడా చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. వింటే చాలు.

ఎనభైల చివర్లో నేను కరెంటు లైన్‌మన్‌ని. కొల్లాపూర్ వైపు పల్లెల్లో పని. పేదల ఇండ్లకు పైసా తీసుకోకుండా ఒక్కో బల్బు కనెక్షన్ ఇచ్చే పథకం అప్పుడు మా దాకా వచ్చింది. ఒక ఊళ్లో ఒక చిన్న వాడకట్టు మొత్తానికీ మంజూరైంది. ప్రారంభానికి పెద్దమనుషులు వస్తున్నారని రోజు కూడా పెట్టేశారు. తీరా చూస్తే వైరు చాలలేదు. చివరన మౌలాన్ బీ ఇల్లు ఒక్కటి మిగిలిపోయింది.

మౌలాన్ బీ ఒంటరి ముసలామె. పాత చీరలు తెచ్చిస్తే బొంతలు కుట్టిపెట్టేది. పగలు కూలి, పొద్దుగూకాక కుట్టుపని. చూపు మందగిస్తోంది, కిరోసిన్ చిమ్నీ వెలుతురులో సూదిలోకి దారం ఎక్కడం లేదు. బొంతలు మానేస్తే తిండికి కష్టం. అందుకే ఆ బల్బు మీద అంత ఆశ. నేను దూలానికి బల్బు వేలాడదీస్తుంటే నిచ్చెన పట్టుకుని నిలబడి, "జర కిందికి దించు బేటా, సూది మీద పడాలె ఎలుగు" అంది. దించాను.

వైరు సంగతి చెబితే మా సారు, "ఇయ్యాల్టికి ఎట్లనో ఎలిగియ్యి, తర్వాత సూద్దాం" అన్నాడు. వేరే ఊరి పనికి ఉంచిన వైరు తెచ్చి, పక్కింటి యాదమ్మ కనెక్షన్ నుంచి మౌలాన్ బీ ఇంటికి గుంజాను. బల్బు వెలిగింది. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, రెండు చేతులూ ఎత్తి దువా చేసింది. అందులో నా పేరుంది. విన్నాను.

జనమంతా బడి దగ్గర ఉపన్యాసాలు వింటుండగా వచ్చి ఆ వైరు తీసేశాను. మరునాడు ఇంకో ఊళ్లో ప్రారంభానికి అదే వైరు కావాలి. తీసినవాణ్ణి ఊరికే పోయానా? ఒక ముక్క కోసి పెంకుల కింద దోపి వదిలాను, కింది నుంచి చూసేవాళ్లకు వైరు ఉన్నట్టే కనబడాలని. ఆ పని చెయ్యమని సారు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. అంత పాడుతెలివి నాకెక్కడి నుంచి వచ్చిందో, తలచుకుంటే ఇప్పటికీ నిర్ఘాంతపోతాను.

మళ్లీ ఆ దారిన పోతే ఆమె పిలిచింది. "గా దినం ఒక్కటే ఎలిగింది బేటా. మల్ల ఎలుగలే."

వైరు లేదమ్మా, వచ్చినాక వేస్తాను అంటే అయిపోయేది. ఎందుకనలేదు? సారు తిడతాడనా? దువాలో నా పేరు విన్న చెవులతో ఆమె నోట మాటపడటం ఇష్టంలేకనా? బల్బు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల చప్పుడే లేదు, భేషుగ్గా ఉంది. "తీగ తెగిందమ్మా. ఇంకోటి కొనుక్కో" అన్నాను. పారేస్తానని సంచిలో వేసుకున్నాను. ఇంటికొచ్చి పెడితే వెలిగింది.

తర్వాత వైరు వచ్చింది. సర్పంచి పశువుల కొట్టానికి గుంజమన్నారు. అది మౌలాన్ బీకి రావలసిన వైరని నోరు తెరిచి చెప్పానా? లేదు. గుంజాను.

కొన్నాళ్లకు ఆ ఊళ్లోనే ఎదురుపడింది. తప్పించుకునే సందులేదు. ఇంటికి తీసుకుపోయింది. కోడిని అమ్మి కొత్త బల్బు కొన్నదట. వెలగకపోతే యాదమ్మ ఇంట్లో పెట్టి చూసిందట. అక్కడ వెలిగిందట. దొరికిపోయాననుకున్నాను. నిజం చెప్పనా, తిడితే బాగుండుననిపించింది.

ఆమె తిట్టలేదు. "నువ్వు మంచిగనే బిగించినవ్ బేటా, నీ తప్పేం లేదు. నా నసీబే గట్లుంది. నా ఇంట్లకు రానంటాంది కరెంటు" అంది. ఆ బల్బును కొంగుతో తుడిచి నా ముందు పెట్టింది. "నీకు కొత్తగ పెండ్లయిందంట గద. నాకెందుకిది? తీస్కపో."

అన్నిటికన్నా ఘోరం చెబుతాను వినండి. చెయ్యి చాపాను. తీసుకున్నాను! ఆ చెయ్యి నాదేనా అని ఇన్నేళ్లుగా చూసుకుంటున్నాను. నాదే.

ఆ ఏడే షాద్‌నగర్‌కు బదిలీ అయింది. బతికిపోయాననుకున్నాను. మళ్లీ ఆ ఊరి వైపు పోలేదు. ఆమె ఉందో పోయిందో అడగను కూడా లేదు. ఆమె ఇచ్చిన బల్బు మా వంటింట్లో వెలిగింది. దాని కిందే మా ఆవిడ బియ్యం ఏరింది, మా పిల్ల పలక మీద దిద్దింది. ఎన్నేళ్లు వెలిగిందో! మాడిపోతే బాగుండునని చూసేవాణ్ణి. కొత్తది తెచ్చి మారిస్తే ఎందుకని అడుగుతారు, ఏం చెప్పను?

ఒక సాయంత్రం చటుక్కున ఆరిపోయింది. స్టూలెక్కి తీశాను. అలవాటుగా చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల గలగలమంది.

కింద నిలబడి మా ఆవిడ, "తీగ తెగిందా?" అంది.

స్టూలు మీంచి పడబోయాను. అవునని చెప్పలేకపోయాను. ఆ మాట ఒకసారి చెప్పేశాను కదా.

వైరు లేకపోవడం ఒక ఎత్తు. లేని తప్పు తన నుదుటికి రాసుకుని ఆమె కూర్చోవడం ఒక ఎత్తు. ఊరంతటికీ వచ్చిన కరెంటు తన గడప ఒక్కటే తొక్కనన్నదనుకుంటూ, ఆ చిమ్నీ ముందే సూదితో పెనుగులాడి ఉంటుంది. మీరు నన్ను ఏమన్నా అనుకోండి. ఆ రోజు ఆమెతో అనాల్సిన మాట ఈ రోజు మీ ముందు అంటున్నాను, పైకి, నా చెవులకు వినబడేట్టు.

మౌలాన్ బీ అమ్మా, నీ నసీబు మంచిగనే ఉండె. నీ ఇంటికి వైరే లేకుండె. నేనే తీసిన.