ఆమె పత్యం చెడలేదు

ఒక అబద్ధం ఏళ్ల తరబడి నా గొంతులో ఉంది. అన్నం మింగేటప్పుడు తగులుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నిజానికి చెప్పవలసిన మనిషి మొన్న పోయింది.

ఆమె మా అత్త, నా భార్య తల్లి. బద్వేలు దగ్గరి పల్లెలో ఉండేది. జబ్బుపడి లేచినవాళ్లకు బలం రావడానికి పెన్నేరుగడ్డతో, అదే అశ్వగంధ వేరుతో, లేహ్యం చేసి ఇచ్చేది. గడ్డను పాలలో ఉడికించి, ఎండబెట్టి, దంచి, బెల్లం పాకంలో నెయ్యి వేసి కలిపేది. నా భార్య విషజ్వరం నుంచి లేచిందని విని మాకూ ఒక జాడీ తెచ్చింది. చేతికిచ్చే ముందు ఒకటే అడిగింది.

"జొరం బాగా ఇడిసిందా నాయనా? ఒంట్లో రవ్వంత ఉన్నా ఇది పెట్టగూడదు."

"ఇడిసింది అత్తా" అన్నాను.

విడవలేదు. సాయంత్రానికి ఒళ్లు మళ్లీ కాలేది. జ్వరం తిరగబెడితే వెంటనే కడపకు తీసుకుపొమ్మని డాక్టరు ముందే చెప్పాడు. నేను తీసుకుపోలేదు. ఎందుకు? చేతిలో డబ్బు లేక కాదు. చదువుకున్నవాణ్ణి, తెలియకా కాదు. అక్కడ పరీక్షలు చేస్తే ఏదో పెద్ద జబ్బు పేరు చెబుతారని, ఆ పేరు విని నేను నిలబడలేనని భయపడ్డాను. నీరసమేనని నా భార్యకు చెప్పాను. నాకూ చెప్పుకున్నాను. జాడీ అయిపోయేలోగా తేరుకుంటుందని రోజూ చెంచాతో తినిపించాను.

ఆ లేహ్యానికి పత్యం ఉంది. పులుపు, కారం తగలకూడదు. ఒక మధ్యాహ్నం నేను ఊరిబిండి పచ్చడితో సంగటి తింటుంటే మంచం మీంచి చూసింది.

"ఊరిబిండి కదా అది. ఇంత నాలిక్కి రాయి. నోరు సచ్చిపోయుండాది."

"పత్యం" అన్నాను.

"మాయమ్మకు ఆడికి వాసన పోతాదా ఏమి?" అని నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది.

పెట్టలేదు. జ్వరాన్ని దాచినవాణ్ణి, పత్యం దగ్గర మాత్రం నిక్కచ్చిగా ఉన్నాను. కంచం తీసుకుని వాకిట్లోకి పోయి తిన్నాను.

చివరికి కడపకు తీసుకుపోయేసరికి ఆమెకు మాట లేదు. తిరిగి రాలేదు.

దినాల నాడు అత్త ఆ జాడీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల కొంచెం మిగిలి ఉంది. వేలితో తీసి వాసన చూసింది. నాకేసి చూసింది.

"పత్యం యాడన్నా చెడిందా నాయనా?"

అప్పుడు చెప్పి ఉండవలసింది. చుట్టూ బంధువులున్నారు. జ్వరం సంగతి ఎవరు ఎత్తుతారోనని వాళ్ల ముఖాలు చూశాను.

"ఊరిబిండి తినింది అత్తా. నేను లేనప్పుడు."

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట. ఆమె నన్ను అనుమానించలేదు. "చిన్నప్పట్నుంచీ అంతే, నోరు కట్టేది శాతగాదు దానికి" అని ఏడ్చింది.

అప్పటినుంచి లేహ్యానికి వచ్చిన ప్రతి మనిషికీ అదే చెప్పింది. నా బిడ్డ నోరు కట్టుకోలేక పోయింది, నువ్వన్నా కట్టుకోమ్మా అని. నేను పక్కనుండి విన్నాను. మొదట భయం, తర్వాత సిగ్గు. ఆ తర్వాత, తన చేతి మందును తప్పుపట్టుకోకుండా ఈ అబద్ధమే ఆమెను కాపాడుతోందని సమాధానం చెప్పుకున్నాను. అది దయ అని ఎప్పుడైనా నమ్మానా? లేదు. కాపాడింది నన్ను.

చివరి రోజుల్లో అత్తకు నేనే గంజి తాపాను.

"పైకి పోయినాక దాన్ని అడగాల, ఎందుకు తింటివే అని" అంది.

నేను ఆమె మూతి తుడిచాను. గిన్నె కడగడానికి లేచాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అప్పుడూ చెప్పలేదు.

చచ్చినవాళ్లు కలుసుకుంటారన్న నమ్మకం నాకు లేదు. అయినా తల్లి నిలదీస్తుంటే ఏమీ అర్థంకాక నిలబడ్డ ఆమె ముఖమే కళ్లముందు ఉంటోంది.

ఆమె తినలేదు. అడిగింది, నేను పెట్టలేదు. జ్వరం ఉంది, నేను లేదన్నాను.

ఇప్పటికి ఒకరికైనా చెప్పాను.