కింద తెరిచిన ఉంగరం

మా అత్తగారు పోయారు. మొన్న సోమవారం స్కూల్లో పాఠం చెబుతుండగా మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ ఇక లేదు, వచ్చెయ్" అన్నారు. బోర్డు మీద సగం చేసిన లెక్కని అలాగే వదిలేసి వచ్చాను. ఆవిడ గురించి ఏం చెప్పాలన్నా నా వేలికున్న ఈ ఉంగరం దగ్గరే మొదలుపెట్టాలి.

వజ్రం అందరికీ అచ్చిరాదని మా వైపు గట్టి నమ్మకం. రాయిని పొదిగించే ముందు మూడు రాత్రులు ఇంట్లో ఉంచుకుని, ఏ కీడూ జరగకపోతేనే నగ చేయించుకుంటారు. మా నిశ్చితార్థానికి ముందు అత్తగారు ఎప్పుడో తీసేసిన తన ఒంటిరాయి ముక్కుపుడకలోంచి వజ్రాన్ని ఊడదీయించి, నా ఉంగరం కోసమని పద్ధతి ప్రకారం మా ఇంటికి పంపారు. అమ్మ దాన్ని ఎర్రగుడ్డలో చుట్టి నా తలగడ కింద పెట్టింది.

మూడో రోజు తెల్లారేసరికి, పెదపాడు దగ్గర నాన్నగారు లీజుకు తీసుకున్న చెరువులో చేపలన్నీ చచ్చి తేలాయి. రెండు రోజులుగా ముసురు పట్టి ఎండ లేదు, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. కొల్లేరు చుట్టుపక్కల చెరువులున్న వాళ్లందరికీ తెలిసిన సంగతే అది. నాన్నగారు గట్టు మీద కూలబడిపోయారు. నేను నీళ్లలోకి దిగి, చచ్చిన చేపల్ని బుట్టలకెత్తాను.

కబురు తాడేపల్లిగూడెంలో అత్తగారింటికి చేరడానికి ఎంతసేపు! మధ్యాహ్నానికల్లా మామగారి అక్కగారు అనేశారు: "రాయి అచ్చిరాలేదు. ఆ పిల్ల మాత్రం అచ్చొస్తుందని నమ్మకం ఏంటి?" సాయంత్రం అత్తగారు నాన్నకి ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, రేపు అమ్మాయిని, రాయిని తీసుకుని ఏలూరు రండి." అంతే, పెట్టేశారు. సంబంధం తెగిపోయిందనే అనుకున్నాం. అమ్మ అన్నం ముట్టలేదు. నాకు మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

ఏలూరులో రాళ్లు పొదిగే సాయిబుగారి కొట్టు బాగా ఇరుకు. ఒకవైపు నాన్న, నేను. ఎదురుగా అత్తగారు, ఆవిడ పక్కనే మామగారి అక్కగారు. తెచ్చిన కాఫీలు ఎవరూ తాగలేదు. సాయిబుగారు గుడ్డ విప్పి, కంటికి అద్దం పెట్టుకుని చూసి, "మంచి రాయండీ. ఎలా పొదగమంటారు?" అన్నారు. ఆయనకేం తెలుసు పాపం!

"పొదగడమేంటండీ, వెనక్కి తీసుకెళ్లాలి గానీ," అన్నారు అక్కగారు. "అంతగా చేయించాల్సొస్తే చుట్టూ బంగారం కట్టి, కింద రేకు వేసి మూసేయండి. ఒంటికి తగలకూడదు."

నాన్న తల దించుకున్నారు. అది నేను చూడలేకపోయాను.

అత్తగారు నా చెయ్యి పట్టుకుని చూస్తున్నారు. గోళ్లలో ఇంకా చెరువు బురద ఉంది. సిగ్గేసి లాక్కోబోతే వదల్లేదు. "నీ వేలమ్మా, నువ్వు చెప్పు," అన్నారు.

"రాయిని నాలుగు బంగారు కాళ్ల మీద నిలబెట్టి, కింద తెరిచే ఉంచమనండి. తగిలితే తగలనివ్వండి." కోపంగా అక్కగారి వైపు తిరిగాను. "చేపలు ఊపిరాడక చచ్చాయండీ. మీకు నేను అక్కర్లేకపోతే అక్కర్లేదని చెప్పేయండి. ఆ మాట రాయి మీద పెట్టకండి."

ఇక అయిపోయిందనుకున్నాను.

"విన్నారుగా సాయిబుగారూ, అలాగే చెయ్యండి," అన్నారు అత్తగారు. తర్వాత మెల్లగా పక్కకి తిరిగారు. "వదినగారూ, మీ తమ్ముడు పోయినప్పుడు ఈ రాయి నా ముక్కునే ఉందండీ. ఆయనది గుండెజబ్బని డాక్టరు చెప్పినా వినకుండా, అచ్చిరాలేదని మీరే తీయించారు. అప్పుడు నాకు నోరు రాలేదు."

అక్కగారు చల్లారిపోయిన కాఫీ అందుకున్నారు. నాన్న జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

కింద తెరిచిన ఉంగరంతో బాధ ఏంటంటే, పిండి, సబ్బు, చాక్‌పీసు పొడి అన్నీ అందులోనే చేరతాయి. ప్రతి శుక్రవారం అత్తగారు కుంకుడుకాయ నురగ కలిపి పెట్టుకుని, "ఏదీ, ఆ కోపిష్టి వేలు ఇలా ఇవ్వు," అనేవారు. ఉంగరాన్ని పాత బ్రష్షుతో తోమి, వెలుతురులో పైకెత్తి చూసేవారు. మూసేసి ఉంటే ఈ పని తప్పేది కదా అత్తయ్యగారూ అని నేను విసుక్కుంటే, "మూసేస్తే మురికి కనబడదంతే, పోదుగా!" అని నవ్వేవారు. ఆ నవ్వు కోసమే నేను కావాలని విసుక్కునేదాన్ని.

సోమవారం ఆవిడకి స్నానం చేయించేటప్పుడు నేను పసుపు అడిగాను. భర్త లేనావిడకి పసుపేంటని ఎవరో గొణిగారు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. నోరు తెరవబోతుంటే, గోడ పట్టుకుని నడుచుకుంటూ మామగారి అక్కగారే గిన్నె తెచ్చి నా చేతికిచ్చారు. "పెట్టమ్మా, మొహం నిండా పెట్టు," అన్నారు. అత్తగారి ముక్కు మీద ఆ చిన్న బెజ్జం ఇంకా పూడలేదు. నేను అక్కడ కూడా పెట్టాను.

ఇవాళ శుక్రవారం. కుంకుడుకాయలు నానబెట్టాను. ఉంగరం తీసి చూస్తే, రాయి అడుగున ఆ పసుపు ఎండిపోయి ఉంది. బ్రష్షు పట్టుకుని అలాగే కూర్చున్నాను. పైనుంచి చూస్తే వజ్రం పచ్చగా మెరుస్తోంది.