తాత్కాలిక అవరోధం

మా పెద్దమ్మ ఇరవై రెండేళ్లుగా ఒక బడిలో తాత్కాలిక ఉద్యోగి. పొద్దున ఆరింటికి ఆవరణ ఊడుస్తుంది, ఎనిమిదింటికి ఒకటో తరగతి గది తాళం తీస్తుంది, ఆ తర్వాత సాయంత్రం దాకా పిల్లల ముక్కులు తుడుస్తుంది. పిల్లలు ఆయమ్మ అంటారు. హెడ్మాస్టర్లు ‘ఏమ్మా’ అంటారు. ఇప్పటికి ఏడుగురిని చూసింది. కుర్చీ చేతులు మారింది గానీ చీపురు మారలేదు.

ఆ ఆవరణ ఒకప్పుడు మట్టి నేల. దుమ్ము లేస్తోందని మొదటి హెడ్మాస్టరు దగ్గర మొరపెట్టుకున్నది ఎవరో కాదు, మా పెద్దమ్మే. ఆయన సిమెంటు పోయించి, గోడకి తన పేరున్న రాతి పలక బిగించాడు. తర్వాత వచ్చినాయనకీ గోడ మీద ఒక పలక కావాలి కదా! ఆయన ఇంకో పొర పోయించాడు. ఇలా నలుగురి కీర్తి ఒకదాని మీద ఒకటి పేరుకుని ఆవరణ జానెడు పైకి లేచింది. ఒకటో తరగతి గది మాత్రం పుట్టిన చోటే ఉండిపోయింది. దాంతో గట్టి వాన పడిందంటే చాలు, ఆవరణలోని నీళ్లన్నీ నేరుగా ఒకటో తరగతిలో చేరిపోతాయి. వాటికి అడ్మిషన్ ఫారం కూడా అక్కర్లేదు.

అప్పుడు పిల్లలు బల్లలెక్కి కూర్చుని, పెద్దమ్మ ఎత్తిపోసే బకెట్లు లెక్కపెడతారు. ఆ తరగతికి ముప్ఫై దాకా అంకెలు తడుముకోకుండా రావడానికి కారణం టీచరు కాదు, ఆ బకెట్లే.

నిరుడు పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంకొక్కసారి నీళ్లొస్తే ఆ గదికి తాళం వేసి, పిల్లల్ని మెయిన్ రోడ్డు అవతలి బడికి పంపేస్తారట. గది లేకపోతే ఆయా కూడా ఉండదు. పెద్దమ్మ దిగులంతా జీతం గురించేనని నేను అనుకున్నాను.

“పోతే పోయింది వెధవ పోస్టు. ఆ రోడ్డు దాటాలంటే నాకే పావుగంట పడుతుందిరా. వేలెడంత లేరు, వాళ్లని చూసి లారీలు ఆగుతాయా?” అంది.

ఉత్తరం వెనకాలే ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. సగం ఆవరణలో సిమెంటు పగలగొట్టి, మోకాలిలోతు పల్లం తవ్వి, అందులో మొక్కలు పెడితే వాన నీళ్లు గదిలోకి పోకుండా మట్టిలో ఇంకిపోతాయని చెప్పింది. దానికి వాన తోట అని పేరు. ఇరవై ఏళ్లు కష్టపడి పోసిన సిమెంటుని పగలగొట్టడానికి మళ్లీ టెండరు పిలిచారు. గోడ మీద ఇంకో పలకకి చోటు చూసి పెట్టుకున్నారు.

“తోటంటే ఎత్తుగా, అందంగా ఉండాలి గానీ ఈ గొయ్యి ఏంటమ్మా?” అన్నాడు హెడ్మాస్టరు.

“నీళ్లు పల్లానికే కదా సార్ పోయేది.”

“నాకు తెలీదా? నేను సైన్సు మాస్టర్ని.”

పిల్లలు జారిపడకుండా తోట చుట్టూ ఇటుకల గట్టు కట్టించారు. ఆవరణ వైపు ఆ గట్టులో మూడు చోట్ల జానెడు సందు వదలమని ఇంజనీరమ్మాయి మేస్త్రీకి చెప్పింది. నీళ్లు లోపలికి వెళ్లే దారులు అవే. మీటింగు పెట్టి అందరికీ బొమ్మ గీసి చూపించింది కూడా. మీటింగులో పెద్దమ్మ ఉంది, చేతిలో టీ గ్లాసులతో. కాకపోతే బొమ్మ చూపించే సమయానికి గ్లాసులు కడగడానికి వెళ్లింది.

సోమవారం రిబ్బను కత్తిరించడానికి పెద్దాఫీసరు వస్తాడనగా, శనివారం మధ్యాహ్నం పెద్దమ్మ నన్ను పిలిపించింది.

“చూడరా ఆ మేస్త్రీ నిర్వాకం! పని ఎగ్గొట్టి పోయాడు. మూడు పళ్లూడిన నోరులా లేదూ? పెద్దాయన చూస్తే మన బడి పరువేం కాను?”

మిగిలిన ఇటుకలున్నాయి, అడుగున కాస్త సిమెంటు ఉన్న బస్తా ఉంది. నేను మాలు కలిపాను, ఆవిడ సందులు పూడ్చింది. నేను అప్పటికే లైబ్రరీలో నగరాల నీటి సమస్య మీద రెండు లావుపాటి పుస్తకాలు చదివిన మేధావిని. రెండో దాంట్లో అచ్చం ఇలాంటి తోట బొమ్మ, అందులో ఇలాంటి సందులూ ఉన్నాయి. అయినా ఆ బొమ్మ గుర్తుకే రాక, బుద్ధిగా ఇటుకలు అందిస్తూ నిలబడ్డాను.

సోమవారం పెద్దాఫీసరు గట్టు మీద చెయ్యేసి “ఫినిషింగ్ బాగుంది” అన్నాడు. “దగ్గరుండి చేయించాను సార్” అన్నాడు హెడ్మాస్టరు.

గురువారం పదకొండింటికి వాన విరుచుకుపడింది. నీళ్లు బుద్ధిగా తోట దాకా వచ్చాయి, గట్టుకి తగిలాయి, చుట్టూ వెతికాయి. చివరికి తెలిసిన ఇల్లే మేలనుకుని ఒకటో తరగతి వైపు తిరిగాయి. పెద్దమ్మ కబురు పెడితే నేను పరుగెత్తాను. అప్పటికే పిల్లలు బల్లలెక్కి “ఒకటీ, రెండూ” మొదలుపెట్టారు.

ఇంజనీరమ్మాయి తడుస్తూ వచ్చి గట్టు పొడవునా చేత్తో తడిమింది. “ఇక్కడ సందులు ఉండాలే! మూడు వదలమన్నాను మేస్త్రీకి.”

“నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను. ఆ మేస్త్రీకి ఇక ఏ పనీ ఇవ్వకండి. గొయ్యి పూడ్చి మళ్లీ సిమెంటు పోయిద్దాం. గదికి తాళం ఎలాగూ తప్పదు” అన్నాడు హెడ్మాస్టరు గొడుగు కింద నుంచి.

పెద్దమ్మ గుమ్మంలో బకెట్టుతో నిలబడిపోయింది. నోరు మెదపొద్దని నేను సైగ చేశాను. ఇలాంటి సలహాలకి నా దగ్గర ఎప్పుడూ కొదవ లేదు.

“మేస్త్రీ వదిలాడమ్మా. పని సగంలో వదిలేశాడనుకుని నేనే పూడ్చాను” అంది.

“నిన్నెవరు పూడ్చమన్నారు? ఎవరు చెప్పారు నీకు?” హెడ్మాస్టరు గొంతు లేచింది.

“ఎవరూ చెప్పలేదు సార్. అదేగా వచ్చిన చిక్కు.” ఆ తర్వాత నా వైపు తిరిగింది. “ఒరేయ్, గునపం పట్రా. పుస్తకం కాదు, గునపం!”

నేను కలిపిన మాలు కాబట్టి ఒక్కో సందు రెండు దెబ్బలకే ఊడొచ్చింది. నా చేతకానితనం లోకానికి పనికొచ్చింది ఆ ఒక్కరోజే. ఆవరణలో నీళ్లు ఒక్క క్షణం తటపటాయించి, సుడి తిరిగి, మూడు దారుల్లోంచి తోటలోకి దూకాయి. గుమ్మం దగ్గర మట్టం తగ్గింది. పద్దెనిమిదో బకెట్టు తర్వాత ఎత్తిపోయడానికి నీళ్లు లేవు.

“ఏంటాయమ్మా, ఇంకా ముప్ఫై అవలేదు!” అని పిల్లలు గోల.

వారం తర్వాత ఇంజనీరమ్మాయి రిపోర్టు వచ్చింది. తోటలో లోపమేమీ లేదట. నీటి ప్రవేశ మార్గాల వద్ద ఏర్పడిన తాత్కాలిక అవరోధం వల్ల నీరు గదిలోకి వచ్చిందట, ఆ అవరోధాన్ని తొలగించారట, గది మూయనక్కర్లేదట. తర్వాత మూడు పెద్ద వానలు పడ్డా గుమ్మం తడవలేదు. పిల్లలు రోడ్డు దాటే అవసరం రాలేదు. గోడ మీద కొత్త పలక మాత్రం వచ్చింది, హెడ్మాస్టరు పేరుతో.

రిపోర్టు నేనే పెద్దమ్మకి చదివి వినిపించాను.

“తాత్కాలిక అవరోధం అంటే ఎవర్రా?”

“ఇంకెవరు? నువ్వే.”

“ఇరవై రెండేళ్లయింది. చివరికి అందులో కూడా పర్మనెంటు చెయ్యలేదన్నమాట!” అని, గట్టు సందుల్లో అడ్డం పడ్డ ఆకులు తీయడానికి చీపురు పట్టుకుని వెళ్లింది.