ఆ వీడియో చూసి అన్నం మానేసిన పిల్ల

2023 నవంబరు 24, శుక్రవారం. రాజాం దగ్గర ఒక హైస్కూలు. హాజరైనవారు: తొమ్మిదో తరగతి పిల్లలు, ప్రధానోపాధ్యాయుడు, వంట చేసే పైడితల్లి, తప్పెటగుళ్ళ గురువు సింహాచలం, అతని బృందం, హెల్త్ ఎడ్యుకేటర్‌గా నేను. మరుసటి ఏడు రిటైరయ్యాను.

అంశం ఒబేసిటీ, అంటే ఒంట్లో మితిమీరిన కొవ్వు, రాకుండా చూసుకోవడం. ముందు ఫ్లిప్ చార్టు, అంటే ఒక్కో బొమ్మా తిప్పుతూ చెప్పే పుస్తకం చూపించాను. పిల్లలు ఆవలించారు. తరువాత ప్రొజెక్టరు మీద వీడియో వేశాను. అందులో ఒక లావుపాటి కుర్రాడు చిప్స్ తింటూ, పరుగెత్తలేక బోర్లా పడతాడు. తరగతి అంతా నవ్వి, వెనక బెంచీలో ఉన్న గౌరి వైపు తిరిగింది.

"ఒసే గౌరీ, నీ సినిమాయే!" అని ఎవరో అరిచారు.

భోజనాల వేళ గౌరి కంచం తీసుకోలేదు.

"ఏటే, తినవా?" అంది పైడితల్లి.

"నాకొద్దు పిన్నీ. రేపట్నుంచి బడికీ రాను."

ఎదిగే పిల్లలు పూట మానకూడదని, వేళకు తిండీ రోజూ ఆటా ఉంటే చాలని నేను వెళ్ళి చెప్పాను. గౌరి తినకుండానే తరగతిలోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఫోక్ మీడియా, అంటే జానపద కళతో ప్రచారం. తప్పెటగుళ్ళవాళ్ళు గుండెకు తప్పెట కట్టుకుని, ఎగురుతూ పాడతారు. ఈ బృందానికి చూసేవాళ్ళలో ఒకరిని పాటలోకి లాగి ఆటపట్టించే అలవాటుంది.

"లావు మీద పాట కదా బాబూ. ఆ ఎనకున్న పాపని పట్టుకోమంటారా?" అని సింహాచలం నా చెవిలో అడిగాడు.

"పిల్లల జోలికి వద్దు. నన్ను పట్టుకో."

"మిమ్మల్నా? అయితే ఇంక సూసుకోండి!"

నా బొజ్జ, నా టీలు, వీధి చివరికి కూడా బండి మీదే వెళ్ళడం, దేన్నీ వదలలేదు. చివరికి తప్పెట నాకే కట్టి ఎగరమన్నాడు. నాలుగు గంతులకే ఆయాసంతో కూలబడ్డాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. గౌరి కూడా నవ్వింది.

పాఠం బొమ్మలో ఉన్నా పాటలో ఉన్నా, అది తరగతిలో ఎవరికి తగులుతుందో ముందే చూసుకోవాలని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. ఆ వీడియో మళ్ళీ ఎక్కడా వేయలేదు. గౌరి బడికి వస్తుందో రాదో మాత్రం ఆ రోజుకు తేలలేదు.

మరునాడు ఉదయం ప్రొజెక్టరు తెచ్చుకోవడానికి వెళితే, బడిలో పొద్దున్నే ఇచ్చే రాగిజావ వరసలో గౌరి గ్లాసుతో నిలబడి ఉంది.

"వచ్చావా అమ్మా!"

"మాయమ్మ బడికి తగిలేసినాది సార్. ఆకలీ ఏసినాది." జావ తాగి మూతి తుడుచుకుంది. "గ్రౌండు సుట్టూ నడుద్దాం, రండి. ఎగరమననులెండి."

నడిచాం. రెండో చుట్టులో నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. గౌరి ఆగలేదు.